తోబుట్టువుల దగ్గర నేర్చుకునేది

(విజయవాడ గవర్నర్‌పేటలో హైస్కూలు, ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సభలో పిల్లల మానసిక నిపుణురాలు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, ఇంత ఎండలో, పనులన్నీ పక్కన పెట్టి వచ్చారు. చాలా సంతోషం.

నా దగ్గరికి పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు మార్కులు, ఫోను, నిద్ర, కోపం, ఈ నాలుగింటి గురించి చాలా వివరంగా చెబుతారు. ఇంట్లో ఇంకా ఎవరెవరున్నారండీ అని అడిగితే మాత్రం, ‘వీడికో అక్క ఉందండీ, హాస్టల్లో చదువుతోంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. తర్వాత వాడితో విడిగా కూర్చుంటాను. వాడు సగం సేపు ఆ అక్క గురించే మాట్లాడతాడు. అక్కకి ఏం కొన్నారు, తనకేం కొన్నారు, అక్క వెళ్ళిపోయాక ఇల్లు ఎలా ఉంది, అక్క ఉన్నప్పుడు ఎలా ఉండేది... తల్లిదండ్రుల లెక్కలో ఒక్క ముక్క అయినది పిల్లవాడి లెక్కలో సగం జీవితం. ఈ తేడా గురించే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను.

అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ మెక్‌హేల్, ఆన్ క్రౌటర్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలు తమ సమయాన్ని ఎవరితో గడుపుతున్నారో లెక్క తీశారు. 1996లో ప్రచురించారు. పదకొండేళ్ళు వచ్చేసరికి బడి లేని సమయంలో దాదాపు మూడో వంతు తోబుట్టువులతోనే గడుస్తోందని తేలింది. అమ్మానాన్నలతో కన్నా ఎక్కువ, స్నేహితులతో కన్నా ఎక్కువ. అది అమెరికా లెక్క, అక్కడి కుటుంబాల లెక్క. అయినా ఒక్కసారి మీ చిన్నతనం తలుచుకోండి. మీ అన్నయ్యతో కొట్టుకున్న గంటలు, మీ నాన్నగారితో మాట్లాడిన గంటలు, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అన్ని గంటలు పక్కన ఉన్న మనిషి మన స్వభావం మీద ముద్ర వేయకుండా ఉంటుందా?

ముందు చంటిపిల్లల దగ్గర మొదలుపెడతాను. మీ పిల్లలు పెద్దవాళ్ళే, నాకు తెలుసు. కానీ టీనేజీలో కనిపించే చాలా వాటికి వేళ్ళు అక్కడే ఉంటాయి.

జూడీ డన్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు ఈ రంగంలో పెద్ద పేరు. ఆమె పిల్లల్ని ల్యాబుకి పిలిపించి పరీక్షలు పెట్టకుండా, వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి కూర్చుంది. కేంబ్రిడ్జి, దాని చుట్టుపక్కల ఊళ్ళలో 40 కుటుంబాలను ఎంచుకుని, రెండో బిడ్డ పుట్టకముందు నుంచీ గమనించింది. అమ్మ పనిలో ఉన్నప్పుడు, పాలిస్తున్నప్పుడు పెద్దపిల్ల ఏం చేస్తోంది, ఏమంటోంది, అన్నీ రాసుకుంది. ఆమె, ఆమె సహచరులు గమనించిన వాటిలో నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా అనిపించేది ఒకటుంది. ఇంకా రెండేళ్ళు నిండని పిల్లలు కూడా అక్కకి కోపం తెప్పించాలంటే ఏం చెయ్యాలో సరిగ్గా తెలుసుకుని చేస్తారు. ఉన్న బొమ్మలన్నీ వదిలేసి, అక్కకి ప్రాణమైన బొమ్మ దగ్గరికే వెళతారు.

మీ ఇళ్ళలోనూ చూసే ఉంటారు. మొన్న పటమటలో మా బంధువుల ఇంటికి వెళ్ళాను. నాలుగేళ్ళ పాప, రెండేళ్ళు కూడా లేని బాబు. పాపకి ఒక పాత కుందేలు బొమ్మ ఉంది, చెవి ఊడిపోయి మళ్ళీ కుట్టించుకున్నది. బాబు ముందు పాప వైపు చూశాడు. తర్వాత కుందేలు వైపు చూశాడు. మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, ఆ కుట్టిన చెవే పట్టుకుని, మళ్ళీ పాప వైపు తిరిగి ఆగాడు. ఇంకా లాగలేదు. ముందు ఆమె మొహం చూస్తున్నాడు. పాప ‘వద్దురా!’ అని అరిచాక అప్పుడు లాగాడు. ఇంట్లో వాళ్ళందరికీ అది అల్లరి. నాకు మాత్రం ఒక మనిషి మనసులో ఏముందో ఇంకో మనిషి అంచనా కట్టడం కనిపించింది. నోట్లో ఇంకా మాటలే సరిగ్గా రాని వయసులో!

ఎదుటివాళ్ళ తలలో మన తలలో ఉన్నదే ఉండనక్కర్లేదు అని పిల్లలకి అర్థం కావడం చాలా పెద్ద మెట్టు. దానికి ఒక పరీక్ష ఉంది. ఒక బాబు చాక్లెట్ ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి వెళతాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. బాబు తిరిగొచ్చి ముందు ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లలు చాలామంది ‘చాక్లెట్ ఇప్పుడు ఉన్నచోట’ అంటారు. నాలుగు దాటేసరికి ‘పాపం, వాడికి తెలీదుగా, పెట్టినచోటే వెతుకుతాడు’ అంటారు. 1994లో పెర్నర్, రఫ్‌మన్, లీకమ్ అనే ముగ్గురు, తోబుట్టువులు ఉన్న పిల్లలు ఈ పరీక్షలో ముందుంటున్నారని చూపించారు. తర్వాత చేసిన అధ్యయనాలు కొన్ని అవునన్నాయి, కొన్ని అంతగా లేదన్నాయి. కాబట్టి తోబుట్టువు ఉంటే చాలు, తెలివి దానంతటదే వస్తుందని నేను చెప్పను. ఇంట్లో మనసుల గురించి మాటలు నడవాలి. ‘తమ్ముడు ఎందుకు ఏడుస్తున్నాడు?’, ‘అక్కకి ఎందుకు కోపం వచ్చింది?’ ఇలాంటి మాటలు ఎక్కువగా నడిచే ఇళ్ళలో పిల్లలకి ఎదుటివాళ్ళ మనసు అర్థం చేసుకునే శక్తి మెరుగ్గా ఉంటుందని డన్ తన తర్వాతి పనిలో చూపించింది.

ఆ కేంబ్రిడ్జి అధ్యయనంలోనే ఇంకో సంగతి తేలింది. రెండో బిడ్డ పుట్టిన మొదటి వారాల్లో, తల్లి పెద్దబిడ్డతో ఆ పసికందు గురించి ఒక మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడిందనుకోండి... ‘చూడు, చెల్లికి ఆకలేస్తున్నట్టుంది, ఏం చేద్దాం?’ అని. అలాంటి ఇళ్ళలో ఏడాది దాటాక కూడా పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో ఎక్కువ స్నేహంగా ఉన్నారు.

మన దగ్గర మొదటి వారాల్లో ఏం జరుగుతుంది? తల్లి పుట్టింట్లో ఉంటుంది. చూడ్డానికి చుట్టాలు వస్తారు. మంచం పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడ్డ మూడేళ్ళ పిల్లతో, ‘అయిపోయిందే నీ పని! ఇక అమ్మ తమ్ముడిదే. నిన్ను మాతో తీసుకుపోతాం, వస్తావా?’ అంటారు. అందరూ నవ్వుతారు. పిల్ల ఏడుస్తుంది. ఏడిస్తే ఇంకా నవ్వుతారు. దయచేసి ఈ వేళాకోళం మానండి. మీ ముందు ఇంకెవరైనా ఆడుతుంటే, పెద్దవాళ్ళైనా సరే, ఆపండి. ఆ పిల్లకి అది జోక్ కాదు. అమ్మని పోగొట్టుకోబోతున్నాననే వార్త.

ఇక దెబ్బలాటల సంగతి. కెనడాలో హిల్డీ రాస్ అనే పరిశోధకురాలు రెండేళ్ళు, నాలుగేళ్ళ పిల్లలున్న ఇళ్ళలో గొడవలు లెక్కపెడితే గంటకి ఆరుసార్లకు పైగా తేలాయి. ఇది విని కొందరు తల్లులు హమ్మయ్య అనుకుంటున్నారు, మొహాల్లో కనిపిస్తోంది. గొడవ పడటం రోగం కాదమ్మా. గొడవ ఎలా ముగుస్తోందన్నదే చూసుకోవాలి.

మన ఇళ్ళలో చాలావరకు అది తీర్పుతో ముగుస్తుంది. రిమోట్ కోసం ఇద్దరూ లాక్కుంటుంటే వంటింట్లోంచి ఒక కేక వస్తుంది, ‘పెద్దదానివి, ఇచ్చెయ్యవే వాడికి!’ అని. గొడవ ఆగిపోతుంది. కానీ ఇద్దరూ ఏం నేర్చుకున్నారు? గట్టిగా ఏడిస్తే అమ్మ తన వైపు వస్తుందని చిన్నవాడు నేర్చుకున్నాడు. న్యాయం వయసుని బట్టి ఉంటుందని పెద్దది నేర్చుకుంది. ఇద్దరూ కలిసి మాట్లాడి తేల్చుకోవడం మాత్రం నేర్చుకోలేదు.

రాస్ బృందం తల్లిదండ్రులకు తీర్పు చెప్పడం మాని మధ్యవర్తిగా కూర్చోవడం నేర్పింది. ముందు, కొట్టుకోవడాలు, తిట్టుకోవడాలు ఉండవు అని షరతు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు ఏం జరిగిందో చెప్పాలి, రెండోవాళ్ళు మధ్యలో అడ్డు రాకూడదు. తర్వాత ‘వాడు ఏమంటున్నాడో నువ్వు చెప్పు’ అని అడగాలి. చివరికి, ఏం చేస్తే బావుంటుందో వాళ్ళనే చెప్పమనాలి. పెద్దవాళ్ళు పరిష్కారం చెప్పకూడదు. అయిదు నుంచి పదేళ్ళ పిల్లలున్న ఇళ్ళలో ఇలా చేస్తే, పిల్లలు తమంతట తాము కూర్చుని మాట్లాడుకునే తీరు మెరుగైంది. మొదట్లో విసుగ్గా ఉంటుంది, నిజమే. పొయ్యి మీద పులుసు మరుగుతుంటే ఇవన్నీ ఎవరు అడుగుతారండీ అని ఒకావిడ నన్ను అడిగారు. ప్రతి గొడవకీ అక్కర్లేదు. రోజుకి ఒక్కటి చాలు.

అయితే ఒక హెచ్చరిక. ఎప్పుడూ ఒకరే కొడుతూ, ఎప్పుడూ ఒకరే దెబ్బలు తింటుంటే అది పిల్లల దెబ్బలాట కాదు, వేధింపు. అలా దెబ్బలు తినే బిడ్డ, అన్న ఇంట్లో ఉన్నప్పుడు గదిలోంచి బయటికి రాదు. తన వస్తువులు దాచుకుంటుంది. ‘ఇంట్లో మేం ఇద్దరమే ఉంటామా?’ అని భయంగా అడుగుతుంది. ఇంగ్లండులో బ్రిస్టల్ ప్రాంతంలో పిల్లల్ని పుట్టుక నుంచి గమనిస్తున్న ఒక పెద్ద అధ్యయనం ఉంది. పన్నెండేళ్ళప్పుడు దాదాపు ఏడు వేల మందిని తోబుట్టువుల వేధింపుల గురించి అడిగారు. వారంలో చాలాసార్లు వేధింపుకి గురైన వాళ్ళు, పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి డిప్రెషన్‌లో పడే అవకాశం మిగతావాళ్ళ కన్నా రెట్టింపు ఉందని 2014లో తేలింది. తమను తాము గాయపరుచుకోవడం కూడా అంతే. కాబట్టి ‘అన్నాచెల్లెళ్ళన్నాక కొట్టుకోరా ఏంటి’ అనే ముందు, కొడుతున్నది ఎప్పుడూ ఒకరేనా అని చూడండి. ఒకరే అయితే అక్కడ మధ్యవర్తిత్వం పనికిరాదు. ఆపాలి, కాపాడాలి.

ఇప్పుడు పోలిక గురించి. ఇది మన ఊరి జబ్బు. ఎవరూ ఏమీ అనుకోకండి.

ఒక అబ్బాయి, తొమ్మిదో తరగతి. వివరాలు మార్చి చెబుతున్నాను. ట్యూషన్‌కి ఆలస్యంగా వెళుతున్నాడని, ఎక్కడో తిరుగుతున్నాడని కంప్లయింట్. చెడు సావాసాలేమోనని నాన్నగారికి టెన్షన్. వాడితో మాట్లాడితే తేలింది ఇది. ట్యూషన్‌కి వెళ్ళే దారిలో సెంటర్ దగ్గర ఒక పెద్ద ఫ్లెక్సీ ఉంది. ర్యాంకుల ఫ్లెక్సీ. అందులో మూడో వరసలో వాళ్ళ అక్క ఫోటో ఉంది. రోజూ ఆ దారిన వెళ్ళేటప్పుడు ఆటోలో ఉన్న ఫ్రెండ్స్ ‘మీ అక్కరా!’ అంటారు. అక్కడ ఉన్న కొట్టాయన ‘నీ ఫోటో ఎప్పుడు పడుద్ది?’ అంటాడు. ఎవరూ చెడు ఉద్దేశంతో అన్నది కాదు. వీడు ఆటో దిగేసి, కాలవ గట్టు మీదుగా చుట్టూ తిరిగి నడుచుకుంటూ వెళుతున్నాడు. ఆ ఫ్లెక్సీ కనబడకుండా ఉండటానికి! ‘అక్కంటే నాకు ఇష్టమే మేడం, ఆ ఫోటో అంటేనే ఇష్టం లేదు’ అన్నాడు.

వాడు లెక్కలు మానేశాడు. రాక కాదు. అక్క లెక్కల్లో దిట్ట కాబట్టి. ఒక ఇంట్లో ఒకరు ఒక చోటు ఆక్రమిస్తే రెండోవాళ్ళు ఆ చోటు వదిలేసి ఇంకో వైపు వెళ్ళడం మా చదువులో బాగా తెలిసిన విషయం. క్రికెట్, బొమ్మలు, పాటలు, అలాంటి చోటేదైనా దొరికితే మంచిదే. దొరకనివాళ్ళు కొందరు అల్లరి వైపు, పెంకితనం వైపు వెళతారు. ఇంట్లో ఖాళీగా ఉన్న చోటు అదొక్కటే అయితే దాన్నే తీసుకుంటారు.

దీనికి పుట్టిన వరసే కారణమని, పెద్దవాడు బాధ్యత గలవాడు, రెండోవాడు పెంకి, కడగొట్టువాడు గారాల పట్టి అని మనం అలవాటుగా అనేస్తాం. 2015లో జర్మన్ పరిశోధకులు అమెరికా, బ్రిటన్, జర్మనీల నుంచి 20,000 మందికి పైగా వివరాలు తీసి చూశారు. కలుపుగోలుతనం, నిదానం, పట్టుదల వంటి స్వభావాల మీద పుట్టిన వరస ప్రభావం ఏమీ కనిపించలేదు. తెలివి పరీక్షల్లో తేడా వచ్చింది గానీ, అది ఒకటిన్నర పాయింటు. అంతే! కాబట్టి ‘రెండోది కదండీ, అలాగే ఉంటుంది’ అనే మాట వదిలేయండి. మనం ఏ పేరు పెట్టి పిలుస్తామో పిల్లలు ఆ పేరుకి తగ్గట్టు నడుచుకుంటారు.

పోల్చకూడదంటే అందరికీ సమానంగా పంచాలా అని అడుగుతారు. చొక్కా కొంటే ఇద్దరికీ ఒకే రేటు చొక్కా కొనాలా అని. అక్కర్లేదు. కోవల్, క్రేమర్ అనే ఇద్దరు పరిశోధకులు పదకొండు నుంచి పదమూడేళ్ళ పిల్లల్ని ఇదే అడిగి 1997లో ప్రచురించారు. మా అమ్మానాన్న మా ఇద్దర్నీ తేడాగా చూస్తారు అన్న పిల్లల్లో నూటికి 75 మంది అది అన్యాయం అనలేదు. తమ్ముడు చిన్నవాడు, అన్నకి పరీక్షలు, ఇలా వాళ్ళకి కారణం తెలుసు. కారణం తెలిసిన తేడాని పిల్లలు భరిస్తారు. కారణం చెప్పని తేడా లోపల ఉండిపోతుంది. మన ఇళ్ళలో ఆడపిల్లకి చెప్పని కారణాలు చాలా ఉన్నాయి. ఇద్దరూ కాలేజీ నుంచి వస్తారు. ఆమె కంచాలు తీస్తుంది, వాడు ఫోను తీస్తాడు. ఎందుకని ఆమె అడిగితే మీ దగ్గర ఉన్న జవాబు ఆమె ముందు పైకి చెప్పగలరా? చెప్పలేనిదైతే దాన్ని మార్చుకోవాలి. ఇంట్లో ఎదుగుదల లోపం ఉన్న బిడ్డ ఉంటే, తోబుట్టువుకి ఇది ఇంకా అవసరం. సాయం చేస్తారు, ప్రేమగానే చేస్తారు. కానీ ఏమైంది, ఎందుకైంది, మేం పోయాక వాణ్ణి చూసే భారం నాదేనా, ఈ ప్రశ్నలు వాళ్ళ మనసులో ఉంటాయి. వాళ్ళు అడగరు. మీరే కూర్చోబెట్టి చెప్పాలి.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది హాస్టల్ గురించి.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో రెసిడెన్షియల్ చదువు మామూలైపోయింది. పది అవ్వగానే పెద్దవాణ్ణి హాస్టల్లో వేస్తాం. కొందరు ఆరో తరగతి నుంచే. ఎందుకు వేస్తారో నాకు తెలుసు, మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. కానీ దాని ఖర్చులో ఫీజు ఒక్కటే లెక్క వేస్తున్నాం. తోబుట్టువుల మధ్య గొడవలు పన్నెండు, పదమూడేళ్ళ ప్రాంతంలో ఎక్కువగా ఉండి, ఆ తర్వాత తగ్గుతూ వస్తాయని పెన్ స్టేట్ వాళ్ళ అధ్యయనం 2006లో చూపించింది. అంటే ఏమిటి? బాగా కొట్టుకునే దశ మన ఇంట్లో గడుస్తుంది. కొట్టుకోవడం తగ్గి, ఒకరి సంగతులు ఒకరికి చెప్పుకునే దశ వచ్చేసరికి ఒకళ్ళు హాస్టల్లో ఉంటారు. కాలేజీలో ఎవరు ఏడిపిస్తున్నారు, ఎవరు నచ్చారు, నాన్న ఎందుకలా అరుస్తున్నాడు, ఇవన్నీ అమ్మతో చెప్పని వయసు అది. అక్కతో చెబుతారు, అన్నతో చెబుతారు. ఆ అక్క పక్కన లేదు.

ఇద్దరూ మళ్ళీ ఒక ఇంట్లో ఉండే అవకాశం చాలామందికి రాదు. ఇంటర్ తర్వాత ఇంజనీరింగ్, తర్వాత హైదరాబాదో బెంగళూరో, తర్వాత డాలస్. వాళ్ళిద్దరూ తోబుట్టువులుగా ఒకే కప్పు కింద ఉండే కాలం మీ ఇంట్లో ఎన్నేళ్ళో ఒకసారి లెక్క వేయండి.

దీని ఫలితం ఎంత దూరం పోతుందో చెప్పే అధ్యయనం ఒకటుంది. హార్వర్డ్‌లో 1938లో మొదలై ఎనభై ఏళ్ళకు పైగా సాగింది. అందులో 229 మంది మగవాళ్ళ వివరాలు చూసి వాల్డింగర్, వైలంట్ బృందం 2007లో రాశారు. ఇరవై ఏళ్ళలోపు తోబుట్టువులతో సరిగ్గా లేనివాళ్ళకి, యాభై ఏళ్ళు వచ్చేలోగా పెద్ద డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువగా ఉంది. తల్లిదండ్రుల పెంపకం ఎలా ఉందన్నది లెక్కలో కలుపుకున్నాక కూడా! అందరూ ఒకే రకం, హార్వర్డ్‌లో చదివిన మగవాళ్ళే, కాబట్టి దాన్నంతా మనకి అంటగట్టను. కానీ నా గదికి వచ్చే నలభై, యాభై ఏళ్ళ వాళ్ళని చూస్తుంటాను. పొలం రేట్లు పెరిగాక అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయిన వాళ్ళు. పొలం గురించి మాట్లాడటం మొదలుపెట్టి, కాసేపటికి ‘చిన్నప్పటి నుంచీ వాడికే’ అనే మాట దగ్గరికి వస్తారు. కోర్టు కాగితాల్లో గట్టు కొలతలు మాత్రమే ఉంటాయి.

ఒక్కరే బిడ్డ ఉన్నవాళ్ళు ముందు వరసలో కొందరు ఉన్నారు, కంగారు పడకండి. 1992-93లో మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలుంటే, 2019-21 సర్వే నాటికి అది 1.7కి వచ్చింది. ఒక్కరే ఉన్న ఇళ్ళు ఇంకా పెరుగుతాయి. ఏకైక సంతానం స్వార్థంగా తయారవుతారన్నది అపోహ. టోనీ ఫాల్బో అనే అమెరికా సైకాలజిస్టు ఏళ్ళ తరబడి చేసిన పనిలో వాళ్ళు మిగతా పిల్లలకు తీసిపోలేదనే తేలింది. పైగా మనకి పెదనాన్న పిల్లలు, పిన్ని పిల్లలు కూడా అన్నలూ అక్కలే. వేసవి సెలవుల్లో తెనాలిలోనో రేపల్లెలోనో అమ్మమ్మ ఇంట్లో నెల రోజులు కలిసి ఉండనివ్వండి. సమ్మర్ కోచింగ్ క్యాంపు ఒక ఏడు మానితే మునిగిపోయేది ఏమీ లేదు.

హాస్టల్లో పిల్లలున్నవాళ్ళకి చివరిగా రెండు పనులు చెబుతాను. హాస్టల్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఉన్న కొద్ది నిమిషాలూ స్లిప్ టెస్ట్ మార్కులు, తిన్నావా, దగ్గు తగ్గిందా అనే అయిపోతుంది. అందులో రెండు నిమిషాలు ఇంట్లో ఉన్నవాడికి ఇవ్వండి. ఇచ్చి, స్పీకర్ ఆఫ్ చేసి, పక్క గదిలోకి వెళ్ళండి. వాళ్ళేం మాట్లాడుకున్నారో అడగకండి.

రెండోది, విజిటింగ్ ఆదివారం. మీరు తెల్లారే లేచి చికెనో, గోంగూర పచ్చడో, పులిహోరో క్యారియర్లో కట్టి బయల్దేరతారు. చిన్నదానికి సోమవారం పరీక్ష ఉందని నాయనమ్మ దగ్గర వదిలేస్తారు. వదలకండి, తీసుకెళ్ళండి. అక్కడ చెట్టు కింద దుప్పటి పరుచుకుని అందరూ తిన్నాక, మీరిద్దరూ టీ తాగడానికని ఒక గంట గేటు బయటికి వెళ్ళండి. వాళ్ళిద్దర్నీ అక్కడే ఉండనివ్వండి. తిరిగి వచ్చేసరికి కొట్టుకుంటూ ఉన్నా కంగారు పడకండి. నెల రోజుల బాకీ అది, తీర్చుకుంటున్నారు.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. వెనక వరసలో ఇందాకటి నుంచీ చెయ్యి ఎత్తుతున్న అమ్మాయి ఉంది, అమ్మానాన్నలతో వచ్చినట్టుంది. మైకు ముందు తనకివ్వండి.